బ్యాటరీ నీళ్లు

పట్టిందంతా తుప్పు కాదని
నాకు తెలిసొచ్చే వరకు
మూడు బిళ్లలు ఖరాబైనయ్.

మొదటిది మాల్ అంగడిల
పాత సామాన్ల లతీఫ్ తక్కెడ కింద దొరికింది.
గొళ్లాలు, బోల్టులు, ఎద్దు మెడగంట నాలుక,
వాటి నడుమ మట్టిపెల్ల లెక్క ఒకటి.
"ఇత్తడి గాదు, ఇనుము గాదు, ఏందో మరి,
నువ్వే కొంచవో" అని చాయ్ పైసలకు ఇచ్చిండు.
ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి తోమిన,
బోనాల సర్వను తోమినట్టు.
మెరిసింది.
మెరిసినదాంట్ల ఏమీ లేదు.
ఎన్ని వందల ఏండ్లో మట్టి దాచిపెట్టినదాన్ని
నేను పావుగంటల నున్నగ చేసిన.

రెండోదాన్ని యాసిడ్ల వేసిన.
దేవరకొండ రోడ్డుమీద బ్యాటరీల దుకాణం నాది,
యాసిడ్‌కు కొదవా?
పొద్దున చూస్తె గిన్నె అడుగున
చంద్రవంక మిగిలింది.
మూడోదాని ముచ్చట చెప్ప.

ఇగ అప్పటిసంది తుమ్మముల్లు.
తుమ్మముల్లు, బ్యాటరీల పోసే నీళ్లు, ఓపిక.
ఆ నీళ్లల్ల ఉప్పు లేదు, సున్నం లేదు,
నాలిక మీద వేసుకుంటె నీళ్లని కూడ అనిపియ్యది.
వారం నానబెట్టాలె, పారబొయ్యాలె,
మళ్ల కొత్తయి పొయ్యాలె.
మొదటి వారం నీళ్లు పచ్చగయితయ్,
రెండో వారం లేత పచ్చగ,
అట్ల బిళ్ల తన లోపలి ఉప్పును
కొంచెం కొంచెం ఒప్పుకుంటది.

మా అక్క సైదమ్మ గడపల కూసోని చూస్తది.
కూసుంటె లేవడానికి ఇద్దరు కావాలె.
మర్రిగూడ దిక్కు ఊరు మాది.
చేతిపంపు కొట్టీ కొట్టీ ఆ నీళ్లే తాగి పెరిగింది,
అవే ఎముకలల్ల పేరుకున్నయ్.
నేను చిన్నోన్ని. మామ పట్నం తీస్కపోయిండు.
బతికిన.
ఈ మాట ఇంట్ల ఎవ్వరం అనం.

"గీ నీళ్లు బిళ్లకెందుకురా?" అన్నది ఒకనాడు.
"లోపటి ఉప్పును బయటికి గుంజుతయక్కా."
"గుంజుతయా?"
"గుంజుతయ్. నెలలు పడ్తది."
ఇంకేం అడగలే.
తెల్లారి డబ్బాల ఒక గిలాసెడు నీళ్లు తగ్గినయ్.
ఎండకు ఆవిరైనయనుకున్న.
మూత గట్టిగనే ఉండె.

ఇగ ఆ పని ఆమె చేతులకే ఇచ్చిన.
సక్కగ చాపరాని వేళ్లు
ముల్లును పట్టుకోనికే వంగినట్టున్నయ్.
నేను అద్దం పెట్టుకోని, లైటు కింద పెట్టుకోని
నెలరోజులు చూసిన ఐదో బిళ్లల
నాకు గుంతలే కనబడ్డయ్.
ఆమె మెడ తిరగది,
అందుకని బిళ్లనే తిప్పింది
పొద్దుగూకే ఎండల, అంచు మీద, మెల్లగ.
"ఏనుగురా" అన్నది.
"యాడ?"
"తొండం లేపింది సూడు."

ఏటవాలు వెలుతురుల
మట్టిల నుంచి ఒక తొండం లేచింది.
నెత్తి. ఒక చెవు.
కాళ్ల కాడ గట్టిగ, తెల్లగ, రాయసోంటి పొర.

నేను ముల్లు తీసుకున్న.
"ఆగు" అన్నది అక్క.
"కాళ్లు ముట్టకు. అట్లనే ఉండనీ."
"పొర తీస్తె నిలబడ్తదక్కా."
"తీస్తె ఇరుగుతది."

ఆమెకు ఎట్ల తెలుసో నేను అడగలే.
రోడ్డుమీద ఆటో వచ్చి ఆగింది,
సెల్ఫ్ పడ్తలేదని డ్రైవర్ అరుస్తున్నడు.
లేచి పోయిన.
తిరిగొచ్చెటాళ్లకు
గడప మీద చీకటి,
ఆమె అరచేతిల ఏనుగు,
బొటనవేలుతోని దాని వీపు నిమురుతున్నది,
చూడకుంటనే.